ఫ్రెండ్స్‌తో కలిసి పాత అమెరికన్ మజిల్ కార్ రిస్టోర్ చేయడం, హాట్ రాడ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో కార్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ చేత్తో రెంచ్ పట్టుకున్నవాళ్లు తక్కువ. వీకెండ్ మా గరాజ్‌కి ఎవరు కొత్తగా వచ్చినా అవే డౌట్లు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. రిస్టోర్ అంటే పాత కారుని మళ్లీ బాగు చేయడం, హాట్ రాడ్ అంటే ఇంజన్, గేర్లు మార్చి స్పీడ్ పెంచడం. ఎక్కువ ఉదాహరణలు 1968 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే షెవెల్ మీదే ఉంటాయి, మా పనంతా దాని మీదే కాబట్టి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## కొనే ముందు

పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) కారు ప్రతీదీ మజిల్ కారేనా?

కాదు. మధ్య సైజు టూ డోర్ కారులో, పెద్ద కార్లకి పెట్టే ఇంజన్ పెట్టి, కుర్రాళ్లు కొనగలిగే రేటుకి అమ్మారు, దాన్నే మజిల్ కార్ అన్నారు. 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ లెమాన్స్‌కి జీటీఓ అనే ఆప్షన్ ఇచ్చి 389 క్యూబిక్ ఇంచుల ఇంజన్ పెట్టారు, ఊపు అక్కడ మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మస్టాంగ్, కమారో లాంటి చిన్నవాటిని పోనీ కార్లు అంటారు గానీ పెద్ద ఇంజన్ ఉన్నవాటిని ఇప్పుడు అందరూ ఇందులోనే కలిపేస్తున్నారు. 1970ల మొదట్లో ఇన్సూరెన్స్ రేట్లు, పొల్యూషన్ రూల్స్, 1973 ఆయిల్ సంక్షోభం అన్నీ కలిసి ఆ కాలాన్ని ముగించేశాయి.

అన్నా, మస్టాంగ్, కమారో, షెవెల్... మొదటిసారి చేసేవాళ్లకి ఏది బెటర్?

మూడింటికీ కొత్త పార్టులు బాగానే దొరుకుతాయి, నా ఓటు మాత్రం షెవెల్‌కే. షెవెల్‌కి కింద పూర్తి స్టీల్ ఫ్రేమ్ ఉంటుంది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. మస్టాంగ్ యూనిబాడీ (వేరే ఫ్రేమ్ లేకుండా బాడీయే బరువు మోసేది), కమారోకి ముందు భాగంలో మాత్రం సబ్‌ఫ్రేమ్ ఉండి వెనకంతా యూనిబాడీ. యూనిబాడీలో ఫ్లోర్, సైడ్ రైల్స్ కుళ్లితే కారు బలమే పోతుంది, షెవెల్‌లో ఫ్లోర్ పోయినా ఫ్రేమ్ గట్టిగా ఉందంటే కొత్తవాళ్లు కూడా ధైర్యంగా దిగొచ్చు. పైగా ఇంజన్ బే విశాలం, ఇద్దరు చెరోవైపు నిలబడి పని చేసుకోవచ్చు, ఫ్రెండ్స్‌తో చేసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. డబ్బు తక్కువుంటే ఫోర్ డోర్ మాలిబు (షెవెల్‌లోనే ఒక మామూలు మోడల్) చూడండి, వీల్‌బేస్ 112 బదులు 116 అంగుళాలు ఉంటుంది గానీ ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్ ఇంచుమించు అవే, ధర బాగా తక్కువ. నేర్చుకోవడానికి, ఇంటిల్లిపాదీ ఎక్కి తిరగడానికి అది చాలా మంచి కారు, నేనైతే చిన్నచూపు చూడను.

సెల్లర్ "ఒరిజినల్ ఎస్ఎస్" అంటున్నాడు, ఎలా నమ్మాలి?

ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్, షెవెల్‌లో స్పీడ్ మోడల్. బ్యాడ్జీలు, గ్రిల్, హుడ్ చూసి నమ్మొద్దు, అవన్నీ కొత్తవి కొని ఒక వీకెండ్‌లో బిగించేయొచ్చు. 1968 షెవెల్ అయితే విన్ నంబర్ (కారు గుర్తింపు సంఖ్య) చాలు, 138తో మొదలైతే ఎస్ఎస్ 396 సిరీస్, 136 అయితే వీ8 మాలిబు. 1969 నుంచి ఎస్ఎస్ అనేది ఆప్షన్ ప్యాకేజ్ అయిపోయింది, కాబట్టి 1969, 1970, 1971 కార్లలో విన్ చూసి ఎస్ఎస్ అవునో కాదో ఎవరూ చెప్పలేరు, చెప్తానన్నా నమ్మకండి. అప్పుడు కాగితాలే దిక్కు: ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ (గ్యాస్, అంటే పెట్రోల్, ట్యాంక్ పైన, సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని దొరుకుతూ ఉంటుంది), లేదా కారుతో పాటు ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న రేకు ముక్క. పాంటియాక్ కార్లకి ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డులు తెప్పించుకునే వీలుంది, అమెరికాలో అమ్మిన షెవెల్‌కి ఆ సౌకర్యం లేదు. కాగితం చూపించలేకపోతే మాలిబు రేటుకే బేరం ఆడండి. మీరు ఎలాగూ ఇంజన్ మార్చి హాట్ రాడ్ చేస్తారంటే అసలు ఎస్ఎస్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ, మామూలు మాలిబు కొనుక్కోండి, ఆ మిగిలింది బ్రేకులకీ గేర్‌బాక్స్‌కీ వస్తుంది.

తుప్పు ఎక్కడెక్కడ చూడాలి?

ఒక మాగ్నెట్, టార్చ్, చిన్న స్క్రూడ్రైవర్, కింద పడుకోడానికి ఒక అట్టముక్క తీసుకెళ్లండి. మాగ్నెట్ అంటుకోని చోట పెయింట్ కింద పుట్టీ ఉన్నట్టే. మొదట వెనక వైపు అద్దం కింద అంచు చూడండి, షెవెల్‌లో అక్కడ నీళ్లు నిలిచి రేకు తినేస్తుంది, అక్కణ్ణించి కారిన నీళ్లు ట్రంక్ ఫ్లోర్‌ని తింటాయి, కాబట్టి ట్రంక్ మ్యాట్ ఎత్తి తీరాలి. తర్వాత వెనక చక్రాల వెనక క్వార్టర్ ప్యానెల్ కింది భాగం, డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్, విండ్‌షీల్డ్ కింద గాలి లోపలికి వచ్చే రేకు గూడు, అంటే కౌల్ (అందులో నీళ్లు పోసి చూడండి, కార్పెట్ మీదకి వస్తే పని పెద్దదే). వినైల్ టాప్ (పైకప్పు మీద అతికిన రెక్సిన్ లాంటి గుడ్డ) ఉన్న కారైతే ఇంకా జాగ్రత్త, ఆ గుడ్డ కింద తేమ ఉండిపోతుంది, అంచుల దగ్గర వేలితో నొక్కితే బుడగల్లా తగులుతుంది. ఇవన్నీ రేకు పనులు, బాగు చేసుకోవచ్చు. ఫ్రేమ్ మాత్రం వేరు. వెనక చక్రాల దగ్గర ఫ్రేమ్ వంపు తిరిగే చోట, బాడీ మౌంట్ల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి, లోపలికి దిగిందంటే పెయింట్ ఎంత మెరిసిపోతున్నా వదిలేసి రండి.

మిషిగన్ కారు కొనాలా, ఆరిజోనా నుంచి తెప్పించాలా?

ఇక్కడ చలికాలం రోడ్లకి ఉప్పు కొడతారు, కారు కింది భాగం దానికే పోతుంది. ఆరిజోనా, న్యూమెక్సికో లాంటి ఎండ ప్రాంతం కారుకి సీట్లు, డాష్‌బోర్డ్, రబ్బర్లు ఎండకి పగిలిపోయి ఉంటాయి గానీ రేకు బాగుంటుంది. సీట్లు, రబ్బర్లు కేటలాగ్ చూసి కొనుక్కోవచ్చు, రేకు పనికి నెలలు పడుతుంది. ట్రక్ మీద తెప్పించే ఖర్చు పెట్టుకున్నా ఎండ ప్రాంతం కారే లాభం.

టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) లేదు, బిల్ ఆఫ్ సేల్ (అమ్మినట్టు రసీదు) మాత్రమే ఇస్తానంటున్నాడు, పర్లేదా?

వద్దు. టైటిల్ మీద ఉన్న విన్, కారు మీద ఉన్న విన్ ఒక్కో అంకె కలిపి చూసుకున్నాకే డబ్బివ్వండి. 1968 నుంచి విన్ ప్లేట్ విండ్‌షీల్డ్‌లోంచి కనిపించేలా డాష్ మీద ఉంటుంది, అంతకు ముందు షెవెల్‌కి డ్రైవర్ డోర్ పిల్లర్ మీద ఉండేది. ప్లేట్ రివెట్లు కదిపినట్టు అనుమానం వస్తే అక్కడితో ఆపేయండి, విన్ ప్లేట్ పీకడం, మార్చడం ఫెడరల్ నేరం.

## నలుగురు కలిసి చేసేటప్పుడు

డబ్బులు ఎలా పంచుకోవాలి, తర్వాత గొడవలు రాకుండా?

కారు కొనే రోజే మూడు విషయాలు రాసుకోండి. ఒకటి, ఎవరి వాటా ఎంత. రెండు, ఎంత దాటిన ఖర్చుకి అందరి ఒప్పుకోలు కావాలి. మూడు, ఎవరైనా ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్లిపోతే వాళ్ల వాటా ఏ రేటుకి మిగతావాళ్లు కొనాలి. ఈ మూడోది అడగడానికి అందరికీ మొహమాటం, కానీ అమెరికాలో మన బతుకులు ఎప్పుడు ఏ స్టేట్‌కి మారతాయో తెలీదు కదా, కాబట్టి స్నేహం పచ్చగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. పెట్టిన డబ్బు లెక్కన కాకుండా ఆ రోజు కారు మార్కెట్ రేటులో వాటా లెక్క కట్టడం న్యాయం, ఎందుకంటే రిస్టోరేషన్‌లో పెట్టినదంతా తిరిగి రాదు. ప్రతి రసీదు ఫొటో తీసి ఒకే షీట్‌లో పెట్టండి. పని గంటలు మాత్రం లెక్క వేయకండి, అది మొదలుపెడితే శనివారం పొద్దున ఎవరికీ గరాజ్‌కి రాబుద్ధి కాదు.

కారు ఎవరి పేరు మీద పెట్టాలి?

గరాజ్ ఎవరిదో, ఇన్సూరెన్స్ ఎవరు తీసుకుంటారో వాళ్ల ఒక్కరి పేరు మీద పెట్టి, మిగతావాళ్ల వాటాలు వేరే కాగితం మీద సంతకాలతో రాసుకుంటే పని సులువు. ఇద్దరి పేర్లు పెడితే మధ్యలో "అండ్" ఉందా "ఆర్" ఉందా చూసుకోండి, చాలా రాష్ట్రాల్లో "అండ్" అని ఉంటే అమ్మేటప్పుడు ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే.

మేమందరం సాఫ్ట్‌వేర్ వాళ్లం, స్పానర్ కూడా పట్టలేదు, మాకు వస్తుందా?

వస్తుంది, ఈ కార్లు అలా కట్టారు. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు, హుడ్ ఎత్తితే ప్రతి వస్తువూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఆ సంవత్సరం ఫ్యాక్టరీ షాప్ మాన్యువల్ కొనండి, రీప్రింట్లు దొరుకుతాయి, ఏ బోల్ట్ ఎంత బిగించాలో అంతా అందులో ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో భాగం సొంతంగా తీసుకోండి, ఒకరు బ్రేకులు, ఒకరు వైరింగ్, ఒకరు ఇంజన్, ఒకరు రేకు పని. తన భాగం గురించి చదివి మిగతావాళ్లకి నేర్పాలి. అందరూ అన్నీ చేస్తామంటే ఏదీ పూర్తవదు, పైగా బ్రేక్ లైన్ బిగించింది ఎవరు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వస్తుంది.

ఏ టూల్స్ కొనాలి, ఏవి అద్దెకి తెచ్చుకోవాలి?

సాకెట్ సెట్ అంగుళాల్లో కొనండి, ఈ కార్లలో మిల్లీమీటర్ బోల్టులు ఉండవు. మంచి టార్క్ రెంచ్, ఫ్లోర్ జాక్, నాలుగు జాక్ స్టాండ్లు, మల్టీమీటర్, టైమింగ్ లైట్, తుప్పు బోల్టులకి పెనెట్రేటింగ్ ఆయిల్ మీ సొంతానికి ఉండాలి. ఇంజన్ హాయిస్ట్, స్ప్రింగ్ కంప్రెసర్, బాల్ జాయింట్ ప్రెస్ ఆటో పార్ట్స్ షాపుల్లోనో టూల్స్ అద్దెకిచ్చే చోటో దొరుకుతాయి. జిప్ కవర్లు, మార్కర్ మాత్రం బోలెడు తెచ్చుకోండి, విప్పిన బోల్టులు పోపుల డబ్బాలో గింజల్లాగా దేని అరలో అది ఉండాలి, ప్రతి కవర్ మీద ఎక్కడిదో, ఏ తారీఖున విప్పారో రాసి, విప్పే ముందు ఫొటో తీయాలి. దసరాకి ఈ టూల్స్ అన్నీ తుడిచి బొట్టుపెట్టి ఆయుధ పూజ చేసుకుంటే గరాజ్ కూడా ఏడాదికి ఒకసారైనా సర్దినట్టు అవుతుంది.

## పని మొదలుపెట్టాక

ముందు మొత్తం విప్పేసి పెయింట్ వేయిద్దామా, లేక నడుపుతూ చేద్దామా?

నడుపుతూనే చేయండి. నేను ఈ పేజీలో ఒకే ఒక్క విషయం గట్టిగా చెప్పాలంటే ఇదే చెప్తా. ఫ్రేమ్ నుంచి బాడీ ఎత్తేసి, ప్రతి నట్టూ విప్పి మొదలుపెట్టిన గ్రూపుల్ని చుట్టుపక్కల చాలా చూశాను, మొదటి నెల అందరూ వస్తారు, విప్పడం సరదాగా ఉంటుంది, ఆ తర్వాత కారు అనేది ఉండదు, డబ్బాల్లో పార్టులు ఉంటాయి, ఒకరికి పిల్లాడు పుడతాడు, ఒకరు ఇల్లు కొంటారు, చివరికి ఆ డబ్బాలు అలాగే అమ్మకానికి వస్తాయి. అదే కారు నడుస్తూ ఉంటే ఏ ఆదివారమైనా స్టార్ట్ చేసి కాఫీకి వెళ్లి రావొచ్చు, పని చేయడానికి రానివాడు కూడా ఆ రైడ్ కోసం వస్తాడు, వచ్చాక ఊరికే కూర్చోలేక రెంచ్ పట్టుకుంటాడు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు ఆగాలి, తర్వాత నమ్మకంగా స్టార్ట్ అవ్వాలి, తర్వాత చల్లగా నడవాలి, తర్వాత తిన్నగా పోవాలి, ఆ తర్వాతే స్పీడ్, అన్నిటికంటే ఆఖర్న పెయింట్. ఒకసారికి ఒక సిస్టమ్ మాత్రమే విప్పండి, అది మళ్లీ బిగించి రోడ్డు మీద తిప్పి చూశాకే ఇంకోటి ముట్టుకోండి. పెయింట్ ముందే వేయిస్తే ఇంజన్ ఎత్తి దించేటప్పుడు ఫెండర్‌కి గీత పడుతుందేమోనని అందరికీ భయం, పని సగం వేగానికి పడిపోతుంది. ఫ్రేమే కుళ్లిన కారుకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని విప్పక తప్పదు.

ఇరవై ఏళ్లుగా ఆగి ఉన్న ఇంజన్, బ్యాటరీ పెట్టి కీ తిప్పేయొచ్చా?

అస్సలు తిప్పొద్దు. ముందు ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ ముందు బోల్టుకి పెద్ద బ్రేకర్ బార్ పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పండి, రెండు పూర్తి చుట్లు అడ్డం లేకుండా తిరగాలి. బలవంతం చేస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి. ఆయిల్ మార్చండి, కూలెంట్ చూడండి, పాత ట్యాంక్‌లో గ్యాస్ జిగురైపోయి ఉంటుంది కాబట్టి దాని జోలికి పోకుండా కొత్త గ్యాస్ ఉన్న చిన్న క్యాన్ నుంచి పంప్‌కి లైన్ ఇవ్వండి. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంట్‌ని కలిపి తెంచే పాయింట్లు శుభ్రం చేసి డ్వెల్ (అవి కలిసి ఉండే కోణం) 30 డిగ్రీలకి పెట్టండి. 350 (షెవర్లే 350 క్యూబిక్ ఇంచుల వీ8) ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2, వైర్లు అదే వరసలో ఉన్నాయో చూసుకోండి. ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ ప్రెషర్ వచ్చాక అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. గరాజ్ తలుపు తెరిచి ఉండాలి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒక మనిషి పక్కనే నిలబడాలి.

బ్రేకులు డ్రమ్మే ఉన్నాయి, డిస్క్‌కి మార్చడం తప్పనిసరా?

ముందు చక్రాలకి మార్చండి. నాలుగూ డ్రమ్ములే ఉన్న కారు ఒకటి రెండు సార్లు గట్టిగా ఆగుతుంది, మూడోసారి వేడెక్కి పట్టు తగ్గుతుంది, తడిస్తే ఒక పక్కకి లాగుతుంది, ఇప్పటి ట్రాఫిక్‌కి అది సరిపోదు. కిట్ కొనేటప్పుడు దానికి సరిపోయే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసేది), ప్రపోర్షనింగ్ వాల్వ్ (ముందు వెనక బ్రేకులకి ప్రెషర్ పంచేది) కూడా కలిసి ఉన్నది తీసుకోండి. చాలా కిట్లకి 15 అంగుళాల వీల్ కావాలి, పాత 14 అంగుళాలవి క్యాలిపర్‌కి తగులుతాయి. ఇది 1966 లేదా అంతకంటే పాత షెవెల్ అయితే మాస్టర్ సిలిండర్ ఒకే గదిది, ఎక్కడ ఒక లైన్ పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేక్ పోతుంది, కాబట్టి డిస్క్‌ల కంటే ముందే రెండు గదులది బిగించాలి. రబ్బర్ గొట్టాలు, తుప్పు పట్టిన స్టీల్ లైన్లు అన్నీ మార్చేయండి. పాత బ్రేక్ షూస్ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఎగరగొట్టకండి, తడిపి తుడవండి.

వైరింగ్ మొత్తం మార్చాలా, చెడిపోయినవి అతుకుతే చాలదా?

ముందు ఓనర్లు స్టీరియో కోసం, ఫాగ్ లైట్ల కోసం అతికిన వైర్లు డాష్ కింద వేలాడుతుంటే మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) మార్చేయడమే మేలు, ఆ సంవత్సరానికి సరిపోయే రెడీమేడ్ హార్నెస్‌లు దొరుకుతాయి. లైట్లు మసకగా వెలగడం, గేజ్ పిచ్చిపిచ్చిగా ఊగడం లాంటివైతే కొత్త వైరింగ్ కొనే ముందు ఎర్త్ చూడండి, ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఫ్రేమ్‌కి వెళ్లే తీగలు తీసి, పెయింట్ గీకి, శుభ్రమైన లోహం మీద బిగించండి. సగం సమస్యలు అక్కడే పోతాయి.

ఇప్పటి గ్యాస్ ఈ ఇంజన్లకి పడుతుందా? లెడ్ లేదుగా?

పడుతుంది. లెడ్ లేకపోతే పాత వాల్వ్ సీట్లు బరువు లాగేటప్పుడు అరుగుతాయి, కానీ వారాంతాల్లో తిరిగే కారుకి ఆ అరుగుదల చాలా నెమ్మది, హెడ్ ఎప్పుడు విప్పితే అప్పుడు గట్టి సీట్లు వేయించండి. అసలు ఇబ్బంది 10 శాతం ఇథనాల్‌తో, అది పాత రబ్బర్ గొట్టాల్ని మెత్తబరిచి కారేలా చేస్తుంది, ఆ గొట్టాలన్నీ కొత్త రకంవి వేసేయండి. కంప్రెషన్ 10 దాటిన ఇంజన్ అయితే ప్రీమియమే పోయాలి.

ఫ్లోర్ ప్యాన్ మేమే వెల్డ్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, సిలిండర్ గ్యాస్ వాడే చిన్న మిగ్ వెల్డర్ చాలు, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన సిలిండర్, 0.023 అంగుళాల వైర్. పల్చటి రేకు మీద ఒకే గీతలా వెల్డ్ చేసుకుంటూ పోతే వేడికి వంగిపోతుంది, ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అంత దూరంలో, చల్లారాక మధ్యలో, అలా నింపుకుంటూ రావాలి. ముందు తుక్కు రేకు మీద చేయి తిరిగేదాకా ప్రాక్టీస్ చేయండి. కుళ్లిన చోటు దాటి మెరిసే లోహం వచ్చేదాకా కోయండి, తుప్పు మీద వెల్డ్ నిలవదు. డోర్ల దగ్గర కొలతలు కోసే ముందూ తర్వాతా చూసుకోండి.

పెయింట్ గరాజ్‌లో వేసుకోవచ్చా?

ప్రైమర్ ముందు పని, అంటే సొట్టలు తీయడం, పుట్టీ, సాండింగ్, మీరే చేసుకోండి, ఖర్చులో పెద్ద భాగం ఆ గంటలదే. పై కోటు మాత్రం పెయింట్ బూత్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. ఇప్పటి టూ-పార్ట్ పెయింట్, క్లియర్ కోటులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడు చేస్తాయి, మామూలు మాస్క్ చాలదు, బయటి గాలి అందించే మాస్క్ కావాలి.

సేఫ్టీ విషయంలో కొత్తవాళ్లు ఏది పట్టించుకోరు?

జాక్ మీద మాత్రమే ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు, స్టాండ్లు పెట్టి, కారుని ఊపి చూసి, అప్పుడు దూరండి. షెవెల్ ముందు కాయిల్ స్ప్రింగులు అణిగి ఉన్నప్పుడు మనిషిని చంపేంత బలంతో ఉంటాయి, కంప్రెసర్ పెట్టి, గొలుసుతో ఫ్రేమ్‌కి కట్టి తీయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన లోహం మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ఇది చాలామందికి తెలీదు, డబ్బా మీద క్లోరిన్ లేనిదని చూసి కొనండి. చలికాలం తలుపులు మూసి ఇంజన్ ఆన్ చేయకండి.

## హాట్ రాడింగ్

నంబర్స్ మ్యాచింగ్ (ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజనే ఉన్న) కారుని మోడిఫై చేస్తే విలువ పోతుందా?

ఒరిజినల్ ఇంజన్ పారేస్తే పోతుంది, దాచిపెడితే పోదు. 1968 తర్వాతి షెవెల్‌లో ఇంజన్ బ్లాక్ ముందు, ప్యాసింజర్ వైపు హెడ్ కింద ఉన్న ప్యాడ్ మీద విన్‌లో కొంత భాగం కొట్టి ఉంటుంది, అది కారు విన్‌తో కలిస్తే ఆ బ్లాక్‌ని ఆయిల్ రాసి, కవర్ కట్టి మూలన పెట్టి, వేరే ఇంజన్ కట్టుకోండి. ఇంకో ముఖ్యమైన మాట, మెషిన్ షాపుకి ఇచ్చేటప్పుడు ఆ ప్యాడ్ ముట్టుకోవద్దని కాగితం మీద రాసివ్వండి, బ్లాక్ పైభాగం చదును చేసే మెషిన్ ఆ నంబర్లని కూడా గీకేస్తుంది. ఫెండర్లు కోయడం, ఫైర్‌వాల్‌కి రంధ్రాలు చేయడం లాంటివి వెనక్కి తీసుకోలేం, బోల్ట్ చేసేవే చేయండి.

పాత 350 ఉంచాలా, ఎల్ఎస్ ఇంజన్ వేయాలా?

మా గరాజ్‌లో ఎప్పటికీ తేలని వాదన ఇదే. ఎల్ఎస్ అంటే 1997 కార్వెట్‌తో వచ్చిన కొత్త తరం షెవర్లే వీ8 ఇంజన్ల కుటుంబం, 1999 నుంచి షెవర్లే ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇంజన్ తుక్కు యార్డుల్లో బాగా దొరుకుతుంది, ఫ్యూయల్ ఇంజెక్షన్, చల్లటి పొద్దున కూడా ఒక్క తిప్పుకి స్టార్ట్, మైలేజీ మెరుగు. కానీ ఇంజన్ రేటు చూసి మోసపోవద్దు. మౌంట్ అడాప్టర్లు, క్రాస్ మెంబర్‌కి తగలని ఆయిల్ ప్యాన్, హెడర్లు (ఇంజన్‌కి బిగించే ఎగ్జాస్ట్ గొట్టాలు), కంప్యూటర్, హార్నెస్, కార్బురేటర్‌కి 5 నుంచి 7 పీఎస్ఐ చాలు గానీ దీనికి 58 పీఎస్ఐ ఇచ్చే పంప్, దానికి తగ్గ ట్యాంక్, డ్రైవ్ షాఫ్ట్, స్పీడోమీటర్, ఇవన్నీ కలిపి ఇంజన్‌ని మించుతాయి.

నేర్చుకోవడం కోసం చేస్తున్న గ్రూపుకి నేను 350 చెప్తా. టైమింగ్ (ప్లగ్ మండే క్షణం) తిప్పితే చెవికి తేడా వినిపిస్తుంది, కార్బురేటర్‌లో జెట్ (గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రం) మారిస్తే ప్లగ్ రంగులో తేడా కనిపిస్తుంది, ఏది ఎందుకు జరిగిందో నలుగురూ చూసి అర్థం చేసుకుంటారు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్తా అనేవాళ్లకి మాత్రం ఎల్ఎస్. మధ్య దారి కావాలంటే 1996 తర్వాతి ట్రక్కుల వోర్టెక్ 350 చూడండి, రోలర్ క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్, రోలర్లతో నడిచే రకం), మంచి హెడ్స్, పాత మౌంట్లకే కూర్చుంటుంది. దానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేరే కావాలి, క్రాంక్ వెనక సీల్ ఒకే ముక్కది కాబట్టి దానికి సరిపడే ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కలిపేది) వాడాలి.

తక్కువ ఖర్చులో ముందు ఏం మారిస్తే తేడా తెలుస్తుంది?

ఏమీ కొనకముందు టైమింగ్ సరిగ్గా పెట్టండి. పాత హెడ్స్ ఉన్న 350కి మొత్తం అడ్వాన్స్ (ప్లగ్ ఎంత ముందుగా మండాలో) 34 నుంచి 36 డిగ్రీలు సాధారణంగా బాగుంటుంది, వోర్టెక్ హెడ్స్‌కి కాస్త తక్కువ. తర్వాత పాయింట్ల బదులు హెచ్ఈఐ (ఎలక్ట్రానిక్) డిస్ట్రిబ్యూటర్, తర్వాత హెడర్లు, రెండున్నర అంగుళాల డ్యూయల్ ఎగ్జాస్ట్, డ్యూయల్ ప్లేన్ ఇన్‌టేక్. క్యామ్ వీటి తర్వాతే. పెద్ద క్యామ్ వేస్తే ఐడిల్‌లో గుడగుడమనే ఆ సౌండ్ అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే, కానీ వాక్యూమ్ పడిపోయి పవర్ బ్రేక్ గట్టిపడుతుంది, సిగ్నల్ దగ్గర కారు బద్ధకంగా కదులుతుంది. రోడ్డు మీద తిరిగే ఆటోమేటిక్ కారుకి 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర డ్యూరేషన్ (క్యామ్ వాల్వ్‌ని తెరిచి ఉంచే కోణం) 220 డిగ్రీల చుట్టుపక్కల దాటకండి.

350కి 750 సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) కార్బురేటర్ వేస్తే ఇంకా స్పీడ్ పోతుందా?

పోదు. లెక్క ఇది: క్యూబిక్ ఇంచులని గరిష్ఠ ఆర్పీఎంతో గుణించి 3456తో భాగించండి. 350 ఇంటూ 6000 బై 3456 అంటే దాదాపు 608, అది కూడా సిలిండర్లు నూటికి నూరు శాతం నిండితే, మామూలు ఇంజన్ 85 శాతం నిండుతుంది అనుకుంటే 516 చాలు. వాక్యూమ్ సెకండరీలు (అవసరమైతేనే తెరుచుకునే రెండో జత దారులు) ఉన్న 600 కార్బురేటర్ హాయిగా సరిపోతుంది.

కొత్త క్యామ్ వేశాం, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం జాగ్రత్త?

ఫ్లాట్ ట్యాపెట్ (రోలర్లు లేని పాత రకం) క్యామ్ అయితే ఆ మొదటి 20, 30 నిమిషాల్లోనే అది బతకడమో చావడమో తేలిపోతుంది. లోబుల (క్యామ్ మీది ఉబ్బుల) మీద క్యామ్‌తో వచ్చిన పేస్ట్ రాయండి, జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి, స్టార్ట్ అవగానే ఐడిల్‌లో వదలకుండా 2000 నుంచి 2500 ఆర్పీఎం మధ్య పైకీ కిందకీ మారుస్తూ ఉంచండి. క్యామ్ లోబులకి ఆయిల్ క్రాంక్ చిమ్మితేనే అందుతుంది, ఐడిల్‌లో సరిపోదు. కాబట్టి టైమింగ్, గ్యాస్, కూలెంట్ అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి, వెంటనే స్టార్ట్ అవ్వాలి. రోలర్ క్యామ్‌కి ఈ తతంగం అక్కర్లేదు.

హైవే మీద 70 మైళ్లకే ఇంజన్ అరుస్తోంది, ఏం చేయాలి?

గేర్ల లెక్క చూడండి. గంటకి మైళ్ల స్పీడ్ ఇంటూ వెనక గేర్ రేషియో ఇంటూ 336, దాన్ని టైర్ ఎత్తుతో భాగిస్తే ఆర్పీఎం వస్తుంది. 70 మైళ్లు, 3.73 గేర్, 27 అంగుళాల టైర్ అంటే దాదాపు 3250. టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగే పై గేర్) లేదు కాబట్టి ఆ అరుపు తప్పదు. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 వేస్తే అదే స్పీడ్‌కి దాదాపు 2275కి దిగుతుంది, సిగ్నల్ దగ్గర 3.73 లాగుడు అలాగే ఉంటుంది. మాన్యువల్ కావాలంటే ఐదు స్పీడ్‌ల ట్రెమెక్. డబ్బుంటే హార్స్‌పవర్ కంటే ముందు దీని మీద పెట్టండి, దూరాలు వెళ్లగలిగే కారు అవుతుంది.

1970 షెవెల్ 454కి 450 హార్స్‌పవర్ అంటారు, 1972లో 270 ఏంటి? అంత పడిపోయిందా?

కొంత నిజంగా పడిపోయింది, కొంత కొలత మారింది. 450 వచ్చింది ఎల్ఎస్6 అనే ప్రత్యేక ఇంజన్‌కి, అది 1972లో లేదు, పైగా 1971 నుంచి జీఎం (షెవర్లే మాతృ సంస్థ) కంప్రెషన్ తగ్గించింది. 1971 దాకా ప్రచారంలో వాడింది గ్రాస్ లెక్క, అంటే ఫ్యాన్, ఎయిర్ క్లీనర్, పూర్తి ఎగ్జాస్ట్ లేకుండా స్టాండ్ మీద కొలిచింది. 1972 నుంచి అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్క. 1971లో 245 అన్న రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 350నే 1972లో 165 అన్నారు. కొనేటప్పుడు సంవత్సరాన్ని బట్టి ఈ అంకెల్ని పోల్చకండి.

## రోడ్డెక్కాక

మామూలు ఇన్సూరెన్స్ సరిపోతుందా?

మామూలు పాలసీ యాభై ఏళ్ల కారుని పాత కారులాగే లెక్క కడుతుంది. క్లాసిక్ కార్లకి "అగ్రీడ్ వాల్యూ" పాలసీ తీసుకోండి, కారు పోతే ఎంత ఇవ్వాలో ముందే రాసుకుంటారు. "స్టేటెడ్ వాల్యూ" అని ఉంటే అది వేరు, తక్కువ ఇచ్చే వీలు వాళ్లకి ఉంటుంది. ఎవరెవరు నడుపుతారో అందరి పేర్లూ పాలసీలో ఉండాలి, నలుగురి కారుకి ఇది మర్చిపోవద్దు.

ఎమిషన్ (పొల్యూషన్) టెస్ట్, నంబర్ ప్లేట్ల సంగతి ఏంటి?

మిషిగన్‌లో ఎమిషన్ టెస్ట్ లేదు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు గ్యాస్ కార్లకి స్మాగ్ చెక్ లేదు. టెక్సాస్‌లో టెస్ట్ ఉన్న కౌంటీల్లో కూడా 25 ఏళ్లు దాటినవాటికి మినహాయింపు. మిషిగన్‌లో 26 ఏళ్లు, ఆ పైబడిన కారుకి హిస్టారికల్ ప్లేట్ తీసుకోవచ్చు, కానీ దాంతో షోలకి, క్లబ్ కార్యక్రమాలకి, పరేడ్లకి, టెస్టింగ్‌కి మాత్రమే నడపాలి. ఆగస్టు నెల మొత్తం మాత్రం మామూలుగా తిరగొచ్చు. తరచూ నడపాలనుకుంటే మామూలు ప్లేటే పెట్టుకోండి.

తయారయ్యాక ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి. 1995లో మొదలైంది, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ మీద వేల కార్లు. 1960ల్లో ఈ కార్లు రాత్రిళ్లు పోటీలు పడిన రోడ్డు అదే. ఆ రోజు ట్రాఫిక్ నత్తనడకే కాబట్టి రేడియేటర్, ఫ్యాన్ ష్రౌడ్ బాగా చూసుకుని వెళ్లండి, లేకపోతే సగం దారిలో కుతకుతలాడుతుంది. పెయింట్ పూర్తవకపోయినా తీసుకెళ్లండి, ప్రైమర్‌లో ఉన్న కారు చుట్టూ కూడా జనం చేరి ఏం ఇంజన్, ఏం గేరు అని అడుగుతారు, ముసలివాళ్లు తమ కుర్రతనంలో నడిపిన కారు సంగతులు చెప్తారు. అవి ఎంత డబ్బు పెట్టినా దొరకవు.

చలికాలం ఎలా దాచాలి?

రోడ్డు మీద ఉప్పు పడకముందే లోపల పెట్టేయండి. ఆయిల్ మార్చి, ట్యాంక్ నిండా గ్యాస్ పోసి అందులో స్టెబిలైజర్ కలిపి ఒకసారి తిప్పి రండి, బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించండి, ఎలుకలు దూరకుండా ఎగ్జాస్ట్ నోటికి, ఎయిర్ క్లీనర్‌కి గుడ్డ కుక్కి, తీయడం మర్చిపోకుండా స్టీరింగ్‌కి చీటీ కట్టండి. మధ్యమధ్యలో పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిది కాదు, ఇంజన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్‌లో, ఎగ్జాస్ట్‌లో నీరు చేరుతుంది. ఆ నాలుగైదు నెలలు గేర్‌బాక్స్, సీట్లు, డాష్ లాంటి పనులకి వాడుకోండి.

పిల్లల్ని ఎక్కించుకోవచ్చా? వెనక సీట్లో చైల్డ్ సీట్ పెట్టొచ్చా?

వెనక సీట్లో ఫ్యాక్టరీవి నడుముకి కట్టే బెల్టులు మాత్రమే, చైల్డ్ సీట్ తగిలించే లాచ్ కొక్కేలు ఉండవు. బూస్టర్ సీటుకి భుజం మీదుగా వచ్చే బెల్ట్ తప్పనిసరి, నడుము బెల్టుతో బూస్టర్ వాడకూడదు. సొంత హార్నెస్ ఉన్న చైల్డ్ సీట్లలో చాలావాటిని నడుము బెల్టుతో బిగించొచ్చు, మీ సీటు మాన్యువల్‌లో చూసుకోండి, కానీ యాభై ఏళ్ల నాటి గుడ్డ బెల్టుని నమ్మకుండా కొత్తవి వేయండి. షెవెల్‌కి ముందూ వెనకా మూడు పాయింట్ల బెల్ట్ కిట్లు దొరుకుతాయి. పైన బెల్ట్ బిగించే చోట పల్చటి రేకుకి నేరుగా బోల్ట్ పెట్టకుండా, వెనక మందపాటి స్టీల్ ప్లేట్ వేసి గ్రేడ్ 8 బోల్టులతో బిగించాలి. పిల్లలు ఎక్కే కారు అయితే ఈ పని క్యామ్ కంటే, హెడర్ల కంటే ముందు చేయండి.